386వ పేరాలో ఒక ఫుల్‌స్టాప్

మలక్‌పేట, హైదరాబాద్

బంగారూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. రాష్ట్రాల పునర్విభజన కోసం కేంద్రం వేసిన ఫజల్ అలీ కమిషన్ రిపోర్టులో తెలంగాణ గురించి ఉన్న భాగాన్ని నువ్వు తెలుగులోకి తెచ్చి చిన్న పుస్తకంగా వేయబోతున్నావని చెప్పాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంటి పిల్ల ఇంత పని నెత్తికెత్తుకుందని ఒకటే సంతోషం. దాంతోపాటే గుండెల్లో దడ. ఎందుకంటే మాటల మధ్యలో మీ నాన్న, "మ్యాటర్ అంతా దొరికిందట అక్కా, కోఠీలో ఏదో పుస్తకం కొన్నదట" అన్నాడు. ఏ పుస్తకంరా అంటే తెలియదన్నాడు. అందుకే పొద్దున్నే స్నానం కూడా చేయకుండా కూర్చుని రాస్తున్నాను.

ఆ పుస్తకం మొదటి పేజీ తిప్పి, ఎవరు వేశారో చూడు. ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్ ముగ్గురూ సంతకం పెట్టి 1955 సెప్టెంబరు 30న కేంద్రానికి ఇచ్చిన నివేదికని భారత ప్రభుత్వమే ఢిల్లీలో అచ్చు వేయించింది. నీకు కావలసింది అది, లేదా ఆ పేజీలని ఉన్నవి ఉన్నట్టు తీసిన స్కాన్. మిగతావన్నీ తర్వాత ఎవరో ఒకరు తమ అవసరానికి మళ్లీ కూర్చినవి. పార్లమెంటు ముందు పెట్టిన కమిషన్ రిపోర్టుని, ప్రభుత్వం వద్దనకపోతే, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చని కాపీరైట్ చట్టమే చెబుతుంది. పైగా ప్రభుత్వ ప్రచురణకి కాపీరైట్ 60 ఏళ్లే, అది 2015తో తీరిపోయింది. కాబట్టి పర్మిషన్ గురించి టెన్షన్ వద్దు. కానీ ఎవరైనా వేయొచ్చు కాబట్టే ఎలాగైనా వేస్తారు, అది గుర్తుపెట్టుకో.

ప్రతి పూర్తిగా ఉందో లేదో తెలుసుకోవాలంటే చివరి నుంచి చూడు. హిమాచల్ ప్రదేశ్ మీద ఫజల్ అలీ, ఉత్తరప్రదేశ్ మీద పణిక్కర్ విడిగా రాసిన నోట్లు ఉండాలి. మనకి వాటితో పనేముంది అని కోసేసిన వాళ్లు ఇంకేం కోశారో మనకి తెలియదు. మొదట్లో కమిషన్ తను ఎలా పనిచేసిందో చెప్పుకుంది. 1,52,250 పత్రాలు అందాయని, తొమ్మిది వేల మందికి పైగా మనుషులతో మాట్లాడామని రాసింది. అది కూడా ఉండాలి.

ఇక నా సంగతి. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ నాన్నకి కూడా సగమే తెలుసు.

1997లో నాకు నలభై ఏళ్లు. జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పేదాన్ని. తెలంగాణ మాట మళ్లీ సభల్లో గట్టిగా వినపడుతున్న రోజులు. ఒక సెమినార్లో మాట్లాడమని పిలిచారు. నా దగ్గర ఓ పల్చటి పుస్తకం ఉండేది, అట్ట మీద "కమిషన్ రిపోర్టు, ఉన్నది ఉన్నట్టుగా" అని ఉండేది. అందులోంచి 386వ పేరా రాసుకుని వెళ్లాను. తెలంగాణని హైదరాబాద్ రాష్ట్రం పేరుతో విడిగా ఏర్పరచడమే రెండు ప్రాంతాలకీ మేలు, ఫుల్‌స్టాప్. గొంతు పెంచి మరీ చదివాను. చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో మీ తాత కూర్చుని ఉన్నాడు, ఆయన కూడా కొట్టాడు.

అప్పుడు ముందు వరుసలో నుంచి ఒక పెద్దాయన లేచాడు. చేతిసంచిలోంచి పాత ప్రతి తీసి, "అమ్మా, ఆ వాక్యం అక్కడితో అయిపోలేదు" అని మెల్లగా మిగతాది చదివాడు. "ఫర్ ద ప్రెజెంట్" అనే మాట ఉందట, ప్రస్తుతానికి అని. తర్వాత, 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికలయ్యాక ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే ఆంధ్రతో కలిసే వీలుండాలట. అంతా ఒకే వాక్యం. నా పుస్తకంలో మధ్యలో ఒక మాట ఎగిరిపోయింది, సగంలో ఒక చుక్క పడింది. ఒక్క మాట కూడా కొత్తగా చేర్చలేదు, తప్పుగా రాయలేదు. ఆ చుక్క ఒక్కటే వాళ్లు పెట్టింది.

ఆయన నన్ను ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. మైకు దగ్గర నిలబడి కాగితం అంచు మడుస్తూ ఉండిపోయాను. బస్సులో మీ తాత మలక్‌పేట దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

అక్కడితో ఆగితే సగం తప్పే. రోషం కొద్దీ ఇంకో పుస్తకం తెచ్చాను, అవతలి వాళ్లు వేసింది. అందులో విశాలాంధ్ర, అంటే ఆంధ్ర, తెలంగాణ కలిసి ఒకే రాష్ట్రం కావాలన్న వాదన గురించి 369వ పేరా నుంచి చక్కగా ఇచ్చి, ఆ వాదన బలంగా ఉందన్న వాక్యం దగ్గర ముగించారు. దాని వెంటనే వచ్చే వాక్యం, తెలంగాణ వాదనని కూడా తేలిగ్గా తోసేయలేమని చెబుతుంది. అది లేదు. అసలు ప్రతి చూడకుండానే ఆ పుస్తకం నమ్మి, నేను తప్పు చెప్పానని క్లాసులో పిల్లలకి రెండోసారి తప్పు చెప్పాను. వాళ్లలో కొందరు దాన్నే పరీక్షలో రాశారు. నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకునేది సెమినార్ కాదు తల్లీ, ఆ జవాబు పత్రాలు.

ఒక శనివారం మీ తాతే నన్ను అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి లాక్కెళ్లాడు. 369 నుంచి 388 దాకా చేత్తో రాయమన్నాడు. నేను రాస్తుంటే పక్కన పేపరు చదువుతూ కూర్చున్నాడు. 388 దగ్గరికి వచ్చేసరికి నాకు ఏడుపు వచ్చింది. రెండు ప్రాంతాలూ కలవడానికి వ్యతిరేకంగా తెలంగాణ ప్రజల అభిప్రాయం గట్టిపడితే తెలంగాణ విడిగానే కొనసాగాలని అక్కడ స్పష్టంగా ఉంది. ఎవరూ ఏమీ కోయకుండా మొత్తం చదివి ఉంటే, ఆ పెద్దాయన లేచినప్పుడు నేను చెప్పదలుచుకున్న దానికి అదే జవాబు. నా పక్షం వాళ్లే నా జవాబుని కోసేశారు.

అందుకే అడుగుతున్నాను, కోఠీ పుస్తకం పక్కన పెట్టు. తెలంగాణ భాగమే తెలుగు చేసినా, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నీ ముందుమాటలో పేరా నంబర్లతో రాయి. మధ్యలో ఏది వదిలినా వదిలానని చెప్పు. పేజీ నంబర్లు ఇవ్వకు, అవి ఒక్కో ప్రతిలో ఒక్కోలా ఉంటాయి. పేరా నంబర్లు మారవు. స్కాన్ నుంచి కంప్యూటర్ ఎత్తి రాసిన అక్షరాలైతే అంకెల దగ్గర ఆగు. 1961 కాస్తా 1981 అయిందంటే ఇరవై ఏళ్లు తేడా. లావు బైండింగు పుస్తకం జిరాక్స్ తీస్తే లోపలి అంచు నల్లగా పడి మాటలు పోతాయి, ఆ పేజీలు మళ్లీ తీయించు.

తెలంగాణ డిమాండు మీద 2010లో కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ రిపోర్టు కూడా చేర్చాలనుకుంటున్నావట. ఇప్పుడే వద్దు. 2011 జనవరిలో బయటపెట్టిన దాంట్లో శాంతిభద్రతల గురించిన ఎనిమిదో అధ్యాయం అసలు విషయం సీల్డ్ కవర్లో హోంశాఖకి వెళ్లింది. అక్కడ ప్రభుత్వ ప్రతే పూర్తి ప్రతి కాదు. అది వేరే పుస్తకం, వేరే ఓపిక.

ఉద్యోగం మానేసి కూర్చుంటానన్నావని విని కోపం వచ్చింది. సెలవు పెట్టు, మానకు. రాత్రి రెండింటి దాకా ఫోన్లో స్కాన్ చదవడం కూడా మానెయ్, ప్రింటు తీసుకో, డబ్బులు నేనిస్తా. నీ కళ్లు మీ నాయనమ్మ కళ్లు, నలభై దాటకముందే ఆమెకి చూపు తగ్గింది.

నువ్వు పుస్తకం వేస్తే రెండు వైపుల వాళ్లూ నిన్ను నిలదీస్తారు. ఆ రోజు నీ చేతిలో అసలు ప్రతి ఉండాలి, నాలా ఖాళీ చేతులతో నిలబడకూడదు. నా భయమంతా అదే.

ఈ ఆదివారం రా. నేను ఇంగ్లీషు పైకి చదువుతాను, నువ్వు నీ తెలుగు మీద వేలు పెట్టుకుని చూడు. కామా దగ్గర కూడా ఆగుదాం. లైబ్రరీలో రాసుకున్న నోటుబుక్కు బీరువాలోంచి తీసి పెట్టాను, నీకే ఇస్తాను. కానీ అది చేత్తో రాసింది, ఎక్కడైనా లైను జారి ఉంటుంది. అచ్చు ప్రతితో సరిచూసుకున్నాకే వాడు.

ప్రేమతో
మీ మేనత్త