నేపథ్యం చెప్తే తప్ప కవిత అర్థం కావట్లేదంటే

నాన్నగారు పోయాక ఆయన గురించి మీరు రాసిన "జ్ఞాపకం" కవిత, మీరు కథంతా చెప్పాకే అర్థమవుతోందని స్నేహితులు అంటున్నారంటే, అసలు విషయం ఇంకా మీ మనసులోనే ఉండిపోయింది, కాగితం మీదకు రాలేదు.

1. "మూలన నీలం గొడుగు" అని రాశారు కదా. అది నాన్నగారిదని మీకు తెలుసు, చదివేవాళ్లకి అది ఉత్త గొడుగు. "నాన్న పోయాక ఎవరూ తెరవని గొడుగు" అంటే ఇక వివరణ అక్కర్లేదు.

2. చాలామంది పట్టించుకోనిది శీర్షిక. మీరు పెట్టిన "జ్ఞాపకం" ఏమీ చెప్పదు. "నాన్న వెళ్లిన ఏడాదికి" అని పెట్టి చూడండి, ఎవరు, ఎప్పుడు అనేవి అక్కడే తేలిపోతాయి, కవితలో ఒక్క లైను కూడా మార్చక్కర్లేదు.

3. ఏమీ తెలియనివాళ్లకిచ్చి, మీరు నోరు విప్పకుండా, "ఏం కనిపించింది?" అని మాత్రమే అడగండి.

పురాణమో చరిత్రో ఉంటే ఫుట్‌నోట్ తప్పేం కాదు, 1922లో 'ది వేస్ట్ ల్యాండ్' అనే దీర్ఘకవిత పుస్తకంగా వచ్చినప్పుడు దాన్ని ఇంగ్లీషులో రాసిన కవి టి.ఎస్. ఎలియట్ కూడా చివర నోట్స్ చేర్చారు.