దారాల డబ్బా గురించి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

అమ్మమ్మ చీరలతో బొంత కుడుతున్నానని నువ్వు ఫోన్లో చెప్పగానే ఎంత సంతోషమేసిందో. తర్వాత నువ్వు పంపిన ఫోటో చూశాను. కిటికీ పక్కన చెక్కకి మేకులు కొట్టి, రంగురంగుల దారపు రీళ్లన్నీ వరసగా గుచ్చావు. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి కానీ, ఇవాళే వాటిని అక్కణ్ణించి తీసెయ్.

మీ అన్నయ్య పుట్టినప్పుడు నేనూ ఒక బొంత కుట్టాను. కాకినాడలో మా వరండా అలమరలో రెండు మూడేళ్లు ఎండ తగిలిన తెల్ల నూలు దారంతోనే అంతా కుట్టేశాను. మొదటిసారి ఉతికి పిండుతుంటే కుట్లు టప్ టప్ మని తెగిపోయాయి. బట్ట బాగానే ఉంది, దారమే వరసలకు వరసలు ఊడొచ్చింది. వేళ్లకు అంటుకున్న పోగులు కాస్త లాగితే చాలు, విడిపోయేవి. నెల్లాళ్ల పని అది. ఎండకి దారం రంగొక్కటే పోదమ్మా, బలం కూడా పోతుంది.

అందుకే ఏ రీలైనా సూదికి ఎక్కించే ముందు జానెడు దారం తీసి రెండు చేతులతో గట్టిగా లాగి చూడు. మంచి దారం వేలిని కోస్తున్నట్టు బిగుస్తుంది. పుటుక్కున తెగిందంటే ఆ రీలు బొంతకి వద్దు, టాకాలు వేసుకోవడానికి ఉంచుకో.

సర్దేటప్పుడు అందరూ ముందు రంగులు చూస్తారు. నేనైతే ముందు నూలు ఒక డబ్బాలో, పాలిస్టర్ ఇంకో డబ్బాలో పెడతాను. రంగులు ఆ తర్వాత. అమ్మమ్మ చీరలు ఉతికి ఉతికి వెన్నలా అయిపోయాయి, వాటికి నూలు దారమే సరి. బట్ట కంటే దారం గట్టిదైతే కుట్టు దగ్గర బట్టే చిరుగుతుంది. చీటీ ఊడిపోయిన రీలు ఏదో తెలియకపోతే చిన్న ముక్క వెలిగించి చూడు. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి, చివర గట్టి పూసలా అవుతుంది. చీటీ ఉంటే మాత్రం ఎప్పుడూ పీకకు, రంగు నంబరు దాని మీదే ఉంటుంది. కొన్న సంవత్సరం కూడా పెన్నుతో దాని మీదే రాసుకో. ఒక బొంతకి కావలసిన దారమంతా ఒకేసారి కొను. నంబరు అదే అయినా, మళ్లీ వెళ్లేసరికి రంగులో కాస్త తేడా వస్తుంది.

డబ్బా అంటే మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ స్వీట్ డబ్బా చాలు. రీళ్లు నిలబెట్టి, దారం కొస రీలు అంచు గాటులో ఇరికించు. లేకపోతే నాలుగు రోజుల్లో అన్నీ చిక్కుపడి కూర్చుంటాయి. రబ్బరు బ్యాండ్లు వద్దు, పాతబడితే కరిగి దారానికి అంటుకుపోతాయి. ముసురు రోజుల్లో నూలు చెమ్మ పీల్చి బూజు పడుతుంది కాబట్టి, కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే, చెమ్మ పీల్చే చిన్న పొట్లం ఒకటి అందులో వేసి ఉంచు.

బాబిన్లకి, అదే మిషన్ అడుగున పెట్టే చిన్న దారపు చక్రాలకి, మా పాత పోపుల డబ్బా వాడుతున్నాను. ఒక్కో గిన్నెలో ఒక్కో రంగు. ఒక బాబిన్ మీద పాత దారం ఉండగానే కొత్తది చుట్టకు, మిషన్ కింద గుత్తులు పడి నీకే టెన్షన్.

ఎరుపు, నీలం దారాలు తడి తెల్లగుడ్డలో కాసేపు నొక్కి చూడు. రంగు దిగితే అమ్మమ్మ తెల్ల చీర దగ్గరికి రానివ్వకు. చేత్తో కుట్టేటప్పుడు మూర కంటే పొడుగు దారం తీయకు. బట్టలోంచి వెళ్లి వెళ్లి నలిగిపోతుంది. తేనెమైనం మీద ఒకసారి లాగితే చిక్కు కూడా పడదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు అమ్మమ్మ దారాల డబ్బా కూడా పట్టుకురా. అందులో ఇంకా ఏవి పనికొస్తాయో ఇద్దరం కూర్చుని ఒక్కో రీలూ లాగి చూద్దాం.

మీ పెద్దమ్మ