బార్ ఎగ్జామ్ రాయబోయే మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి పాపకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు రాజ్యాంగం దగ్గర టెన్షన్ పడుతున్నావని, ఆర్టికల్ నంబర్లన్నీ గోడకు అంటించుకొని బట్టీ పడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ కాగితాలు పీకేయ్. ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్‌కు నోట్స్ లేని బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేకుండా చట్టం మాటలే ఉన్న పుస్తకం) లోపలికి తీసుకుపోవచ్చు, నెగెటివ్ మార్కులు లేవు. ఉన్న వంద ప్రశ్నల్లో రాజ్యాంగానివి పది. నంబరు ఎలాగూ పుస్తకంలో దొరుకుతుంది. ఆ వాక్యంలో ఏ చిన్న మాట ఎవరిని లోపలికి రానిస్తోంది, ఎవరిని గడప బయట నిలబెడుతోంది అనేది నువ్వు చూసుకోవాలి. ప్రశ్నలు తయారుచేసేవాళ్లు దెబ్బ కొట్టేది అక్కడే.

ముందు 'పౌరుడు', 'వ్యక్తి' అన్న రెండు మాటలు పట్టుకో. శ్రీవారి దర్శనానికొచ్చిన ఒక విదేశీ భక్తుణ్ణి అలిపిరిలో కారణం చెప్పకుండా అరెస్టు చేశారనుకుందాం. 14 (సమానత్వం), 21 (ప్రాణం, స్వేచ్ఛ), 22 (అరెస్టులో రక్షణ) ఆయనకూ వర్తిస్తాయి, ఎందుకంటే అక్కడున్నది 'వ్యక్తి'. అదే మనిషి అక్కడ సభ పెట్టుకునే హక్కు ఉందంటే 19 అక్కరకు రాదు, అది పౌరులకే. వివక్ష వద్దనే 15, ప్రభుత్వోద్యోగాల్లో సమాన అవకాశం ఇచ్చే 16 కూడా అంతే. మత స్వేచ్ఛ ఇచ్చే 25కు వస్తే మళ్లీ 'వ్యక్తులందరూ' అనే ఉంటుంది.

తర్వాత చూడాల్సింది ఎవరి మీద కేసు అన్నది. ఆర్టికల్ 12లో 'రాజ్యం' అంటే ప్రభుత్వం ఒక్కటే కాదు, చట్టం పుట్టించిన సంస్థలూ వస్తాయి. క్రికెట్ బోర్డు మాత్రం దాని కిందికి రాదని 2005లో జీ టెలీఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని తలుపు మూసుకోలేదు, 226 కింద హైకోర్టుకు పోవచ్చని అదే తీర్పులో ఉంది.

ఈ 32, 226 తేడా మీద కాస్త ఎక్కువసేపు కూర్చో. మన చిత్తూరు దగ్గర ఒక రైతు మామిడి తోట రోడ్డుకు పోయింది, నష్టపరిహారం రాలేదు అనుకో. 'సుప్రీంకోర్టులో 32 కింద రిట్' అని ఒక ఆప్షన్ ఇస్తారు, రిట్ అంటే హక్కు కాపాడమని కోర్టు ఇచ్చే ఆదేశం. చూడగానే గంభీరంగా ఉంటుంది కదా, పిల్లలు దాన్నే టిక్ పెడతారు. 44వ సవరణ, 1978లో, ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసి 300ఎలో పెట్టింది. 32 ప్రాథమిక హక్కులకే. కాబట్టి 300ఎ ఒక్కటే ఆధారమైతే ఆ రైతు పోవాల్సింది అమరావతిలో హైకోర్టుకు, 226 కింద. అందులో 'మరే ఇతర ప్రయోజనం కోసమైనా' అన్న మాట ఉంది చూడు, ఆ రైతును కాపాడేది అదే. ఈ రెండు అధికారాలనూ సవరణతో కూడా తీసేయడానికి వీల్లేదని 1997లో ఎల్. చంద్రకుమార్ తీర్పు.

ఎర్రచందనం కేసుల్లో పీడీ యాక్ట్ (నేరం చేయకముందే లోపల పెట్టే ముందస్తు నిర్బంధ చట్టం) పెట్టారని పేపర్లో చదువుతుంటావు. మామూలు అరెస్టుకు 22(2) ప్రకారం 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, ప్రయాణ సమయం లెక్కలోకి రాదు. ముందస్తు నిర్బంధానికి ఆ రక్షణ లేదు. 22(3) దాన్ని పక్కన పెట్టేసింది. అక్కడ చూడాల్సింది, మూడు నెలలు దాటాలంటే సలహా మండలి ఒప్పుకోవాలన్నది. 44వ సవరణ ఆ మూడును రెండు చేసింది గానీ ఆ భాగం ఇంతవరకూ అమల్లోకి రాలేదు. బేర్ యాక్ట్‌లో ఆ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. గైడు పుస్తకాల్లో కొన్ని దీన్ని తప్పు వేస్తాయి, నువ్వు ఫుట్‌నోట్‌నే నమ్ము.

మనిషి మత స్వేచ్ఛ గురించిన 25, మత సంస్థల వ్యవహారాల గురించిన 26 పక్కపక్కన పెట్టి చదువు. రెండూ శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యాలకు లోబడినవే. 25 మాత్రం ప్రాథమిక హక్కుల భాగంలోని మిగతా నిబంధనలకు కూడా లోబడాలి, 26లో ఆ మాట లేదు. మన తిరుమల నుంచే వెళ్లిన కేసు ఒకటుంది, 1996 నాటి ఎ.ఎస్. నారాయణ దీక్షితులు కేసు. వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేసిన 1987 దేవాదాయ చట్టం చెల్లుతుందన్నారు. పూజ చేయడం మతానికి సంబంధించింది, అర్చకుణ్ణి నియమించడం లౌకిక వ్యవహారం అన్నది అందులో కీలకం.

ఇంకొకటి మన ఊళ్ల మీదే. 2022లో తిరుపతి జిల్లా వచ్చింది రాష్ట్ర ప్రభుత్వ నోటిఫికేషన్‌తో. రాష్ట్రాన్ని విడగొట్టాలంటే ఆర్టికల్ 3 కింద పార్లమెంటు చట్టం చేయాలి. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి గానీ దానికి కట్టుబడక్కర్లేదు. 2014లో మన అసెంబ్లీ బిల్లును తిప్పికొట్టింది, అయినా విభజన ఆగలేదు. అప్పటి గొడవలు నీకు గుర్తుండవులే. ఆర్టికల్ 4 ప్రకారం దాన్ని 368 కింద రాజ్యాంగ సవరణగా లెక్కించరు, మామూలు మెజారిటీ చాలు.

కేసులు విడివిడిగా వద్దు, వరుసలో పెట్టుకో. చంపకం దొరైరాజన్‌తో మొదలుపెట్టు. మద్రాసు రాష్ట్రం కాలేజీ సీట్లను కులాల వారీగా పంచిన జీవో మీద కేసు అది, అప్పటికి మన చిత్తూరు మద్రాసులోనే ఉంది. 1951లో ఆ జీవో పోయింది, అదే ఏడు మొదటి సవరణ, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయనిచ్చే 15(4) తెచ్చింది. పార్లమెంటు రాజ్యాంగాన్ని ఎంతవరకు సవరించవచ్చన్న సంగతికొస్తే శంకరీప్రసాద్ 1951, గోలక్‌నాథ్ 1967, కేశవానంద భారతి 1973, మినర్వా మిల్స్ 1980. గోలక్‌నాథ్ తీర్పు చెప్పిన ప్రధాన న్యాయమూర్తి మన తెలుగాయన కోకా సుబ్బారావు గారే. కేశవానందలో పదమూడు మంది జడ్జీలు, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని సవరణతో కూడా మార్చకూడదన్న సూత్రం 7–6తో నిలిచింది. ఈ వరుస తెలిస్తే ఏది దేన్ని కొట్టేసిందో అడిగినా తడబడవు.

ఈ పుస్తకం ఎక్కడో ఢిల్లీలో రాసిందని దూరం పెట్టకు పాపా. తిరుచానూరులో పుట్టి, మన చిత్తూరు బార్‌లో ప్రాక్టీసు చేసిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గారు రాజ్యాంగ సభలో సభ్యులు.

ఎమర్జెన్సీ దగ్గర పిల్లలు రెండు ఆర్టికల్స్‌ను ఒకదానితో ఒకటి కలిపేసుకొని తడబడతారు. 358 యుద్ధం, బయటి దాడి ఉన్నప్పుడు 19ని దానంతటదే ఆపుతుంది. 359కు రాష్ట్రపతి ఉత్తర్వు కావాలి, దాంతో కూడా 20, 21 జోలికి పోకూడదు. రాష్ట్రాల పాలన, పన్నులు, ఎన్నికల సంఘం పైపైన చదివినా సరిపోతుంది.

పాత పేపర్లు గడియారం పెట్టుకొని చెయ్యి. తప్పుపోయిన ప్రశ్న పక్కన ఏ మాట చూడలేదో రాసి పెట్టుకో. ఆ కాగితం తీసుకొని ఆదివారం పొద్దున చిత్తూరు బస్సెక్కు, కలిసి చూద్దాం. మీ అత్తకు ముందే ఫోన్ చెయ్యి, భోజనం ఇక్కడే.

మీ మామయ్య