భార్య అండాశయం తీయడానికి భర్త సంతకం సరిపోతుందా?

ప్రశ్న: నా భార్యకు 23 ఏళ్లు. పన్నెండో వారంలో ముత్యాల గర్భమని (బిడ్డ ఎదగక, మాయ నీటిబుడగల్లా పెరిగేది) తేలితే సక్షన్ చేసి తీసేశారు. పదో రోజుకి పొట్ట ఉబ్బి ఆయాసం మొదలైంది. రెండు అండాశయాల్లోనూ పెద్ద గడ్డలున్నాయి, క్యాన్సర్ కావొచ్చంటూ నాతో సంతకం పెట్టించుకుని ఒక అండాశయం తీసేశారు. తను స్పృహలోనే ఉన్నా తననెవరూ అడగలేదు. తర్వాత చూసిన డాక్టరు ‘ఇది ఓహెచ్ఎస్ఎస్ (అండాశయాలు అతిగా ఉబ్బే జబ్బు), మందులతో తగ్గేది’ అన్నారు. మేం పిల్లల కోసం ఇంజెక్షన్లేవీ వాడలేదు. కేసు వేయొచ్చా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: వేయొచ్చు. కానీ జబ్బు వచ్చినందుకు కాదు, అండాశయం తీసిన తీరు మీద. ఓహెచ్ఎస్ఎస్ ఎక్కువగా సంతాన చికిత్స ఇంజెక్షన్ల వల్ల వస్తుంది. ముత్యాల గర్భంలో హెచ్‌సీజీ అనే గర్భధారణ హార్మోను ఒక్కోసారి లక్ష యూనిట్లు దాటిపోయి, ఇంజెక్షన్ లేకుండానే అండాశయాలను ఉబ్బించేస్తుంది. రక్తనాళాల్లోంచి నీరు కారి పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. గర్భం తీసేశాక కూడా ఇలా రావొచ్చు. అరుదే గానీ, ఎవరి తప్పూ కాదు. ‘ఏదో తప్పు ఇంజెక్షన్ ఇచ్చారు’ అని ఫిర్యాదులో రాస్తే మీ కేసే పలచబడుతుంది.

మీ బలం రెండు చోట్ల ఉంది. మొదటిది సమ్మతి. సమీరా కోహ్లీ కేసులో (2008) రోగి మత్తులో ఉండగా తల్లి ఇచ్చిన అనుమతితో గర్భాశయం, అండాశయాలు తీసేయడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. స్పృహలో ఉన్న మేజరు తరఫున భర్త సంతకం చెల్లదు. ప్రాణం మీదికి వస్తే మినహాయింపు ఉంటుంది. అందుకే ఆపరేషన్ నోట్స్‌లో ‘అండాశయం మెలిపడింది’, ‘పగిలి రక్తం పోతోంది’ అని ఉందేమో ముందు చూడండి. ఉంటే ఈ వాదన చాలావరకు నీరుగారినట్టే.

రెండోది రోగనిర్ధారణ. మీకు గడ్డలని చెప్పిన ఈ నీటితిత్తులు సాధారణంగా రెండు నుంచి నాలుగు నెలల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఓహెచ్ఎస్ఎస్‌లో సీఏ–125 (అండాశయ క్యాన్సర్ అనుమానంతో చేసే రక్తపరీక్ష) కూడా పెరుగుతుంది, దాన్ని చూసి క్యాన్సరనుకోవడం తేలిక. ముత్యాల గర్భం సంగతి తెలిసిన ఆస్పత్రే హెచ్‌సీజీ, హెమటోక్రిట్ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే పరీక్ష) చూడకుండా కోసిందా అన్నది తేలాలి. దీనికి గైనకాలజిస్టు రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. సమ్మతి వాదనకు మాత్రం ఆ అవసరం పెద్దగా ఉండదు.

రికార్డుల కోసం మీ భార్య సంతకంతో దరఖాస్తు ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. సమ్మతి పత్రం, స్కాన్లు, తీసిన అండాశయం బయాప్సీ రిపోర్టు వదలొద్దు.

జిల్లా వినియోగదారుల కమిషన్లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. ఆస్పత్రికి కట్టింది 5 లక్షల లోపైతే రుసుము లేదు. పోలీసు కేసుకు తొందరపడకండి. జాకబ్ మాథ్యూ తీర్పు (2005) ప్రకారం ఘోర నిర్లక్ష్యం ఉంటేనే అది నిలుస్తుంది.

హెచ్‌సీజీ పరీక్షలు మాత్రం డాక్టరు చెప్పినంతకాలం ఆపొద్దు. ముత్యాల గర్భం క్యాన్సర్‌గా మారితే బయటపెట్టేది అవే. ఆ బిల్లులూ ఫైల్లో పెట్టండి.