టెక్ సందేహాలు: గాడి లోతుగా ఉన్న టైరే ఎక్కువ కాలం వస్తుందా?

ప్రశ్న: నాకు మహీంద్రా థార్ జీపు ఉంది. వారంలో ఆరు రోజులు విజయవాడ నుంచి గుంటూరుకు హైవే మీద వెళ్లి వస్తాను. నెలకు రెండు మూడుసార్లు తాడికొండ వైపు ఉన్న పొలానికి వెళ్లాలి. ఎంటీ (మడ్ టెర్రెయిన్, అంటే బురద నేలల) టైర్లకు గాడి లోతు ఎక్కువ కాబట్టి అవే ఎక్కువ కిలోమీటర్లు వస్తాయని ఆటోనగర్‌లో చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: గాడి లోతు ఎక్కువన్నది నిజమే కానీ, ఎక్కువ కాలం వస్తాయన్నది మీ విషయంలో నిజం కాదు. హైవే కోసం చేసే హెచ్‌టీ టైరుకు కొత్తలో గాడి లోతు సుమారు 8–9 మి.మీ. ఉంటుంది. అన్ని రకాల నేలలకూ ఉద్దేశించిన ఏటీ టైరుకు 10–12 మి.మీ., బురద కోసం చేసే ఎంటీ టైరుకు 14–16 మి.మీ. వరకు ఉంటుంది. అయినా తారు రోడ్డు మీద ఆయుష్షు వరుస దీనికి తలకిందులుగా వస్తుంది. గాలి, అలైన్‌మెంట్ సరిగ్గా ఉన్న బండికి స్థూలంగా హెచ్‌టీ 60–80 వేల కి.మీ., ఏటీ 50–65 వేలు, ఎంటీ 30–50 వేలు వస్తాయనుకోవచ్చు.

కారణం ఆ లోతులోనే ఉంది. ఎంటీ టైరులోని రబ్బరు దిమ్మలు ఎత్తుగా, ఒకదానికొకటి దూరంగా ఉంటాయి కాబట్టి రోడ్డును తాకినప్పుడల్లా వంగుతాయి, వదిలేటప్పుడు కొంచెం జారుతూ పైకి లేస్తాయి, ఆ జారుడులోనే రబ్బరు అరిగిపోతుంది. పైగా దిమ్మల మధ్య ఖాళీ ఎక్కువ కావడంతో అదే బరువును తక్కువ రబ్బరు మోయవలసి వస్తుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగిన ఎంటీ టైరు మీద చక్రం తిరిగే దిశలో ఒకసారి, వెనక్కి ఒకసారి అరచేతితో నిమిరి చూడండి. ఒకవైపు నున్నగా, రెండోవైపు రంపపు పళ్లలా తగులుతుంది. హైవే మీద వినిపించే ఆ హోరుకు సగం కారణం అదే.

మరి ఎంటీ ఎందుకు అంటారా? వానాకాలంలో మన నల్లరేగడి ఏటీ టైరు గాడుల్లో ఇరుక్కుపోయి దాన్ని నున్నటి గుండ్రాయిగా మార్చేస్తుంది, ఎంటీ మాత్రం వెడల్పాటి ఖాళీల్లోంచి బురదను బయటికి విసిరేయగలదు. అయితే చట్టం అనుమతించే కనీస లోతు 1.6 మి.మీ. అయినా, బురదలో పట్టు అంతకు చాలా ముందే, సగం అరిగేసరికే, బాగా తగ్గిపోతుంది. అంటే ఏ పనికోసం ఎక్కువ డబ్బు పెట్టారో ఆ గుణాన్ని మీరు హైవే మీద ఖర్చు చేస్తున్నట్టే. మీ తిరుగుడుకు ఏటీ చాలు. పొలం దారి పక్కా రోడ్డయితే హెచ్‌టీ వేయించుకున్నా నష్టం లేదు.

ఏ టైరైనా 8–10 వేల కి.మీ.కు ఒకసారి చక్రాల స్థానాలను ఒకదానితో ఒకటి మార్చండి, స్టెప్నీ అదే సైజు, అదే రకం అయితే దాన్నీ ఆ వరుసలో కలపండి. పొడి తారు రోడ్డు మీద 4హెచ్ (నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే గేరు) వాడవద్దు: మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి, కానీ థార్‌లో ఆ తేడాను సర్దే ఏర్పాటు మధ్యలో లేదు కాబట్టి ఆ భారం టైర్ల మీదా, గేర్ల మీదా పడుతుంది.

ప్రశ్న: గుంటూరులో ఉన్న మా బండి ఏడాదికి ఆరేడు వేల కి.మీ. మించి తిరగదు. టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే ట్రెడ్‌వేర్ అంకె 700 ఉన్న టైర్లు కొనమని అమెరికాలో ఉన్న మా అబ్బాయి చెబుతున్నాడు. కొనవచ్చా?

జవాబు: ఆ అంకె అమెరికా ప్రభుత్వ పద్ధతి ప్రకారం వేసేది. టెక్సస్‌లో సుమారు 640 కి.మీ. చుట్టు దారిలో మొత్తం 11,500 కి.మీ. దాకా నడిపి, 100 అంకె ఇచ్చిన ప్రామాణిక టైరుతో అరుగుదలను పోలుస్తారు. చివరి అంకెను వేసేది తయారీదారే కాబట్టి ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకే అది కొంత పనికొస్తుంది. లోతైన గాడుల టైర్లకు, లైట్ ట్రక్ టైర్లకు ఆ అంకె తప్పనిసరి కాదు కాబట్టి ఎంటీల మీద వెతికినా దొరక్కపోవచ్చు.

మీ విషయంలో అసలు లెక్క కిలోమీటర్లది కాదు, ఏళ్లది. 70 వేల కి.మీ. వచ్చే టైరును మీరు అరగదీయడానికి పదేళ్లు పడుతుంది, ఈలోగా ఎండకూ గాలికీ రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. అయిదేళ్లు దాటాక ఏటా పరీక్ష చేయించమనీ, పదేళ్లకు గాడి మిగిలి ఉన్నా తీసేయమనీ చాలామంది తయారీదారులు చెబుతారు. కనుక పెద్ద అంకె కోసం అదనంగా పెట్టే డబ్బు మీకు తిరిగి రాదు. దానికి బదులు టైరు పక్క గోడ మీద నాలుగు అంకెల తేదీ చూసి కొనండి. 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైనదని అర్థం. దుకాణంలో రెండేళ్లుగా పడి ఉన్న సరుకును తగ్గింపు ధరకు ఇస్తామన్నా వద్దనండి.

ప్రశ్న: 255/65 ఆర్18 సైజు టైర్లు తీసేసి 285/70 ఆర్17 సైజువి వేయించాను. 50 వేల కి.మీ.కే అరిగిపోయాయి. తిరిగిన దూరం చూపే ఓడోమీటర్‌ను నమ్మవచ్చా?

జవాబు: పూర్తిగా నమ్మకూడదు. కొత్త సైజు చక్రం వ్యాసం సుమారు 5 శాతం ఎక్కువ కాబట్టి ఒక్కో తిరుగుడుకు బండి అంత ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత లెక్కే వేస్తుంది. మీ 50 వేలు నిజానికి దాదాపు 52,700 కి.మీ. అదే కారణంగా, ముందు సరిగ్గా చూపిన వేగం మీటరు ఇప్పుడు గంటకు 80 కి.మీ. చూపినప్పుడు బండి 84 మీద ఉంటుంది. ఫోన్‌లోని జీపీఎస్ స్పీడోమీటర్ యాప్‌తో హైవే మీద, పక్కన కూర్చున్నవారిచేత, ఒకసారి సరిచూసుకోండి.