అఆల దగ్గరే ఆగిపోకండి అక్కా

అక్కా, రాజాంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే భవిత కేంద్రానికి వెళ్తున్న మీ 16 ఏళ్ల అబ్బాయికి ఇంకా అఆలే దిద్దిస్తున్నారని, 18 దాటాక ఏం చేస్తాడోనని టెన్షన్‌గా ఉందని రాశారు. మా తమ్ముడిదీ అదే కథ. ఇప్పుడు పలాసలో జీడిపప్పు ప్యాక్ చేస్తున్నాడు.

నేర్పడానికి నాలుగు నెలలు పట్టింది. పనిని ముక్కలు చేసి, చివరి ముక్కతో మొదలుపెట్టాం. అంతా మేమే చేసి, కవరుకు సీలు వేయడం ఒక్కటే వాడికి వదిలేవాళ్లం. పని పూర్తిచేసిన సంబరం వాడిదే కదా! తర్వాత తూకం. అంకెలు చదవలేడు. 250 అని రాసిన అట్టముక్క కాటా పక్కన పెట్టాం, రెండూ ఒకేలా కనిపించేదాకా పప్పు వేస్తాడు. ఒకటీ అరా నోట్లోకి పోతాయి, అది వేరే సంగతి.

టీచరు గారిని అడిగి అఆల టైములో సగం డబ్బులు లెక్కపెట్టడానికి, బస్సెక్కడానికి, గడ్డం గీసుకోవడానికి మార్పించండి. యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే గుర్తింపు కార్డు) లేకపోతే దరఖాస్తు ఇప్పుడే పెట్టేయండి. మీవాడిది మేధో వైకల్యం (బుద్ధిమాంద్యం) అన్నారు కాబట్టి, 18 నిండగానే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకురాలిగా మీ పేరు కోసం కలెక్టర్ ఉండే జిల్లా కమిటీకి దరఖాస్తు చేయండి. మేము ఆలస్యం చేసి బ్యాంకు చుట్టూ తిరిగాం.