సాయంత్రం ఐదింటికి గ్రౌండా, షాపా?

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం. కబడ్డీ బాగా ఆడతాడు, పదో తరగతిలో జిల్లా జట్టుకు ఆడాడు. మావారు ఆటో నడుపుతారు, దాని కిస్తీలు ఇంకా తీరలేదు. తెలిసినవాళ్ల బట్టల షాపులో సాయంత్రం ఐదు నుంచి రాత్రి పది దాకా చేస్తే నెలకు ఆరు వేలు ఇస్తామన్నారు. ప్రాక్టీసూ సరిగ్గా ఆ వేళకే. ‘ఆట కూడు పెడుతుందా?’ అంటారు మావారు. వీడేమో అన్నం మానేసి కూర్చున్నాడు. ఏం చేయమంటారు మేడం?
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: ముందు ఆ రాత్రి పది సంగతి తేల్చేద్దాం తల్లీ. పద్నాలుగు నిండి పద్దెనిమిది నిండని పిల్లల్ని ప్రమాదం లేని పనుల్లో పెట్టుకోవచ్చు గానీ, రాత్రి ఏడు నుంచి ఉదయం ఎనిమిది దాకా పని చేయించకూడదు. 1986 నాటి బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణతో ఈ వయసువాళ్లకీ ఆ నియమం వర్తిస్తుంది. ఏకబిగిన మూడు గంటలకు మించి చేయించకూడదు, ఆ తర్వాత గంట విశ్రాంతి ఇవ్వాలి. షాపువాళ్లు చెప్పిన డ్యూటీ వీటిలో దేనికీ నిలబడదు. తెలిసినవాళ్లు కదా అని మొహమాటపడకండి.

ఇక మీవారి ప్రశ్న. నేను పీఈటీగా, అంటే స్కూల్లో ఆటల టీచరుగా, రిటైరయ్యేదాకా ఏటా ఎవరో ఒక తండ్రి స్కూలు గేటు దగ్గర నిలబడి అడిగిందే ఇది. న్యాయమైన ప్రశ్నే. చాలామందికి ఆట కూడు పెట్టదు. జిల్లా స్థాయి సర్టిఫికెట్‌తో కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో స్పోర్ట్స్ కోటా రాదు. కనీసం రాష్ట్ర స్కూళ్ల జట్టు తరఫున జాతీయ పోటీల్లో ఆడి ఉండాలి. దానికిచ్చే పత్రాన్నే ‘ఫారం-4’ అంటారు. మీవాడికి ఆ దారిలో ఇంటర్ రెండేళ్లు ఉన్నాయి, అండర్-19లో. తర్వాత డిగ్రీలో చేరితే అంతర విశ్వవిద్యాలయ పోటీలూ లెక్కలోకి వస్తాయి.

కాబట్టి వాణ్ని ఆడించిన సారు దగ్గరికి మీవారినే పంపండి. ‘మావాడు రాష్ట్ర జట్టుకు పనికొస్తాడా, ఉత్త సరదాయేనా?’ అని సూటిగా అడగమనండి. రోజూ చూసే మనిషి రెండు మాటల్లో చెప్పేస్తాడు. కూతకెళ్లి, ఎదుటి జట్టు వైపు తప్పక దాటాల్సిన బాక్ లైన్ మాత్రం దాటి పరిగెత్తుకొచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఎదుట ఆరుగురుండగా ఇంకా లోపలున్న బోనస్ గీత దాటి, చీలమండ అందుకోబోయిన కార్నర్ కుర్రాడికి, అంటే అంచున కాసేవాడికి, దొరక్కుండా తిరిగొచ్చేవాడు వేరు.

ఎలాగోలా రెండూ చేస్తాడులే అని మాత్రం అనుకోకండి. బట్టల షాపులో కూర్చోనివ్వరు. రాత్రి దాకా నిలబడి, చీరల కట్టలు దించి ఎక్కించిన కాళ్లతో తెల్లారి రైడ్‌కి వెళ్తే ఒళ్లు తిరుగుతుంది, కాలు తిరగదు. మోకాలు పోయేది అక్కడే. అలా పడిన ఒక కుర్రాణ్ని నేనే ఆటో ఎక్కించాను. వాడు మళ్లీ ఆడలేదు సరే, మూట ఎత్తే పనికీ పనికిరాలేదు.

అన్నం మానేయడం నాకు నచ్చలేదు, వాడికి చెప్పండి. ఆడతానన్నవాడు ముందు తినాలి. మీరూ ఇంటి అప్పు వాడి దగ్గర దాచకండి. కిస్తీల కార్డు ముందు పెట్టి చూపించండి. పదహారేళ్లవాడికి అర్థమవుతుంది. ఆదివారాలు, దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో పగటిపూట వస్తాడని షాపువాళ్లతో మాట్లాడండి. బట్టల షాపుకి జనం ఎగబడేదీ అప్పుడేగా. విశ్రాంతితో కలిపి రోజుకు ఆరు గంటలు దాటకుండా చూసుకోండి. నెలకు ఆరు వేలు రావు, సగం కూడా రాకపోవచ్చు. మిగతాది పిల్లాడి నెత్తిన వేయకుండా, కిస్తీ గడువు పెంచుతారేమో ఫైనాన్స్‌వాళ్లను అడిగి చూడమనండి మీవారిని.

ఒకవేళ సారు పెదవి విరిస్తే? అప్పుడు కూడా గ్రౌండ్ మాన్పించకండి, వారానికి మూడు సాయంత్రాలైనా పోనివ్వండి. ఆ వయసులో ఖాళీ సాయంత్రం ఫోనుకే పోతుంది. పనికొస్తాడంటే మాత్రం పదో తరగతి మార్కుల మెమో, ఆధార్, కాలేజీ స్టడీ సర్టిఫికెట్ జిరాక్సులు ఇప్పుడే తీయించి పెట్టండి. సెలక్షన్స్ రోజు పొద్దున వాటికోసం పరుగెత్తే తల్లుల్ని చాలామందిని చూశాను.